బడికీ కాలువకీ ఒకేసారి సెలవులు

మా జిరాక్స్ షాపు అమలాపురంలో ఒక మున్సిపల్ బడి గేటుకి ఎదురుగా ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆధార్ కాపీలు తీస్తూ, స్టడీ సర్టిఫికెట్లు లామినేషన్ చేస్తూ తలెత్తినప్పుడల్లా నాకు కనిపించేది ఆ గేటే. ఇప్పుడు దాని తాళం చెవి ఒకటి మా కౌంటర్ సొరుగులో, స్టాంప్ ప్యాడ్ పక్కన ఉంటోంది. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో రాయాలని సంక్రాంతి నుంచి అనుకుంటున్నాను. ఇవాళ కరెంటు పోయింది, మెషిన్లన్నీ ఆగిపోయాయి, ఫోన్‌లో రాస్తున్నాను.

బడి వెనకాల మూడు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. అందులో ఒక తుప్పు పట్టిన బోర్డు, దాని మీద 'బడి తోట' అన్న అక్షరాలు. కేంద్ర విద్యాశాఖ 2019లో బడుల్లో పోషకాహార తోటలు పెంచమని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రోజుల్లో పెట్టిన బోర్డు అది. అంతకు ముందు కూడా అక్కడ ఒక తోట ఉండేదట, మా షాపుకి వచ్చే ఒక ఆటో అన్నయ్య చిన్నప్పుడు అదే బడిలో చదువుతూ వంకాయలు కోశాడట. అంటే ఆ తోట కనీసం రెండుసార్లు మొదలైంది, రెండుసార్లూ చచ్చిపోయింది. మొదలుపెట్టడానికి మనుషులు దొరికారన్నమాట. మరి ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరకడానికి దాదాపు ఏడాది పట్టింది.

2024 ఫిబ్రవరిలో బడిలో వంట చేసే అక్క ఏవో కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చింది. చేతిలో సంచీ నిండా తోటకూర, సగం వాడిపోయి ఉంది. "పొద్దుటే ఇలా ఉంటే పప్పులో వేసేసరికి ఏం మిగుల్తాదండి" అంది. ఎంత కూర కావాలి రోజుకి అని అడిగాను. లెక్క ఆవిడకి నోటికి వచ్చు: ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్ళకి తలకి 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి 75. చిన్నవాళ్ళు 92 మంది, పెద్దవాళ్ళు 64. అంటే రోజుకి తొమ్మిది కిలోల నాలుగు వందలు. ఆ అంకె నా బుర్రలో ఉండిపోయింది. నేను గోదావరి లంకలో పుట్టి పెరిగిన దాన్ని. పి.గన్నవరం దగ్గర మా నాన్న ఇప్పటికీ కంద, అరటి వేస్తాడు. ఎదురుగా మూడు సెంట్ల నేల ఖాళీగా ఉండగా పిల్లలు వాడిపోయిన తోటకూర తినడం నాకు నచ్చలేదు.

హెచ్ఎం మేడం వెంటనే సరే అన్నారు. మేం ఏడుగురం పోగయ్యాం. ఆటో అన్నయ్య, కొబ్బరి దింపు తీసే బాబాయి, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు, టిఫిన్ సెంటర్ వదిన, డిగ్రీ చదివే ఇద్దరు అబ్బాయిలు, నేను. ఒక ఆదివారం కడియం వెళ్ళి టమాటా, వంగ, మిరప నారు తెచ్చాం. పిల్లల చేత నాటించాం, ఫోటోలు దిగాం. మార్చి నెలాఖరుకి ఒక్క మొక్క లేదు.

ముందు ఆకుల కొసలు మాడాయి. ఎండ అనుకుని ఇంకా నీళ్ళు పోశాం. తర్వాత మట్టి మీద తెల్లటి పొర లేచింది. ఇంకొన్నాళ్ళకి మిరప మొక్కలు పీకితే వేళ్ళతో సహా దారంలా ఊడి వచ్చాయి. ఐదో తరగతి పిల్ల ఒకత్తి రోజూ ఇంటర్వెల్లో వచ్చి తన మొక్కకి తన బాటిల్లో నీళ్ళు పోసేది. ఆ ఒక్క మొక్క మాత్రం అందరి కంటే పది రోజులు ఎక్కువ బతికింది. అప్పుడు మాకు అర్థం కాలేదు గానీ, ఆ పిల్ల పోసింది తాగే నీళ్ళు, మేం పోసింది బోరు నీళ్ళు.

ఏప్రిల్లో నాన్న కంటి పరీక్షకి అమలాపురం వచ్చాడు. షాపులో కూర్చోబెడితే కూర్చోడు కదా, బడిలోకి వెళ్ళి చూసొస్తానన్నాడు. బోరు పంపు కింద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఈ నీళ్ళకి గడ్డి కూడా బతకదమ్మా. నుయ్యి ఎక్కడుంది?" అన్నాడు.

నుయ్యేంటి నాన్నా, ఇక్కడ నుయ్యి లేదు అన్నాను. "అంత పాత బడి. నుయ్యి లేకుండా కట్టరు" అన్నాడు. వెతికితే వంటగది వెనక ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టిన సిమెంటు పలక కింద ఉంది. ఆ బడిలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఆయమ్మకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇక్కడ మా మాస్టారు చెప్పిన సంగతి రాయాలి. డెల్టాలో ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ళకీ ఇది తెలియాలని నాకు అనిపిస్తుంది. ఈ నేలంతా గోదావరి తెచ్చిన ఒండ్రుతో సముద్రం వెనక్కి జరిగితే ఏర్పడింది. అందుకే కింద చాలా చోట్ల పాత ఉప్పు నీరే ఉంటుంది. వాన నీరు, కాలువల్లోంచి, వరి చేలల్లోంచి ఇంకిన నీరు దాని మీద ఒక పొరలా తేలుతూ ఉంటుంది. పాతకాలం వాళ్ళు లోతు తక్కువ నూతులు తవ్వుకుని ఆ పై పొర నీళ్ళే తోడుకున్నారు. మనం బోర్లు దింపి ఆ పొరని దాటిపోయాం. మాస్టారి దగ్గర పెన్నులాంటి చిన్న మీటరు ఉంది, నీళ్ళలో ముంచితే ఉప్పు ఎంతుందో అంకె చూపిస్తుంది. బోరు నీళ్ళకి మూడు దాటింది. నూతి నీళ్ళు చేంతాడు వేసి తోడి చూస్తే ఒకటి లోపు.

అయితే నుయ్యి తెరవడం మొక్క నాటినంత సులువు కాదు. హెచ్ఎం మేడం అంత వరకు మాకు అన్నింటికీ ఊఁ అన్నవారు, ఇక్కడ గట్టిగా కాదన్నారు. "నూట యాభై మంది పిల్లలండీ. ఒక్కరికి ఏదైనా అయితే నేను వాళ్ళ అమ్మకి ఏం చెప్పాలి?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం ఉంది? నాకూ ఇద్దరు పిల్లలు. రెండు వారాలు అలాగే ఆగిపోయింది. చివరికి పేరెంట్స్ కమిటీలో కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. నూతి మీద పిల్లల చెయ్యి కూడా దూరనంత దగ్గర ఊచలతో ఇనుప గ్రిల్లు, దానికి రెండు తాళాలు, చుట్టూ నడుమెత్తు గోడ, మోటారు స్విచ్చి స్టాఫ్ రూములో. అన్నీ అయ్యాకే పైన పలక తీయాలి. వెల్డింగ్, మోటారు, పైపులు కలిపి పద్దెనిమిది వేలు అయ్యింది. మేం ఏడుగురం, ఇంకో నలుగురు తల్లిదండ్రులు వేసుకున్నాం.

పూడిక తీయడానికి ముగ్గురు మనుషులకి రెండు రోజులు పట్టింది. రబ్బరు బంతులు, ఒక స్టీలు గ్లాసు, చెప్పులు, ఇంకా బోలెడన్ని పలక ముక్కలు పైకొచ్చాయి. రాతి పలకలు, చెక్క ఫ్రేములు కుళ్ళిపోయి రాయి మాత్రం మిగిలింది. ఆయమ్మ వాటిని కడిగి ఎండబెట్టింది. ఇప్పటికీ తోటలో ఏ మడిలో ఏం వేశామో ఆ పలక ముక్కల మీదే సుద్దతో రాస్తాం.

నీళ్ళు దొరికాయి, ఇక మట్టి. అంతకు కొన్నేళ్ళ ముందు బడిలో గోడ పని చేసిన వాళ్ళు మిగిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు అక్కడే వదిలేసి, వాటి మీద బుసక ఇసుక తోలి చదును చేసి వెళ్ళిపోయారు. గునపం దిగితే ఠంగుమనేది. ఎవరి పిల్లలు తిరిగే నేల అయితే ఏం, పని అయిపోతే చాలు అనుకునే వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. మే నెలంతా పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకు జల్లెడ పట్టడమే పని. పంట బోదెల్లో పూడిక తీసిన మట్టి రెండు ట్రాక్టర్లు ఆటో అన్నయ్య మాట్లాడి తెప్పించాడు.

జూన్‌లో బడి తెరిచాక అందరూ కూరగాయలు వేస్తామనుకున్నారు. నాన్న ఫోన్లో ఒకటే మాట: "జీలుగ చల్లండి." వరికి ముందు పచ్చిరొట్టగా వేసే జీలుగ చౌడునీ తట్టుకుంటుంది, నేలకి నత్రజనీ ఇస్తుంది. చల్లాం. కొందరు తల్లిదండ్రులు "తోట అన్నారు, గడ్డి పెంచుతున్నారేంటండీ" అని షాపుకి వచ్చి మరీ అడిగారు. నలభై అయిదు రోజులకి ఏడో తరగతి పిల్లల భుజాలు దాటింది. సైన్స్ టీచరు ఒక్కో మొక్క పీకి వేళ్ళ మీద బుడిపెలు చూపించారు, గోరుతో గిల్లితే లోపల ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఉంటేనే బుడిపె పనిచేస్తున్నట్టట. పూత మొదలయ్యే ముందు కోసి, అక్కడే నీళ్ళు పెట్టి తొక్కేశాం. వాసన నాలుగు రోజులు షాపు దాకా వచ్చింది. నాకు మాత్రం అది మా ఊరి దమ్ము చేల వాసన.

సెప్టెంబరులో తోటకూర, గోంగూర, బెండ, వంగ వేస్తే వానలకి రెండు రోజులు నీళ్ళు నిలబడి సగం పోయాయి. మా వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే వేస్తారు. రోడ్డు పెరుగుతూ పోయింది, బడి పల్లమైపోయింది. మళ్ళీ అలా కాకుండా మళ్ళని మూరెడు ఎత్తు లేపి, మధ్యలో బోదెలు తీసి, నీళ్ళన్నీ ఈశాన్యం మూలకి పోయేలా చేశాం. ఆ మూల చేమ, పొన్నగంటి వేశాం. నీళ్ళు నిలిస్తే వాటికి పండగే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేను మర్చిపోలేను. ఆకుకూర పప్పు వండే రోజు పొద్దున్నే ఎనిమిదింటికి కోసి, తొమ్మిదింటికి కడిగి, పదింటికి పప్పులో వేసేవారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, మూడు సెంట్ల తోట 156 మందికి రోజూ కూర పెట్టలేదు. బాగా కాసిన వారంలో మొత్తం కలిపి పది కిలోలు. అంటే వారంలో ఒక్క రోజు కూర. ఎవరైనా తోట పెడితే కూరగాయల ఖర్చు తగ్గిపోతుందని చెబితే నమ్మకండి. కానీ ఆ ఒక్క రోజు పప్పు గిన్నె అడుగంటా ఖాళీ అయ్యేది, పప్పులో ఆకు ఏరి పక్కన పెట్టే పిల్లలు ఆ రోజు "ఇది మా మడిలోది" అంటూ తినేవారు. వంట అక్క ఈ తేడా గమనించి నాకు చెప్పింది.

అయితే సంక్రాంతి సెలవులకి మా టమాటాలు సరిగ్గా ఎర్రబడ్డాయి. సెలవులన్నాళ్ళూ గేటుకి తాళం. షాపులోంచి చూస్తూనే ఉన్నాను, లోపలికి వెళ్ళలేను. తెరిచేసరికి సగం నేలపాలు, సగం పురుగులపాలు.

అప్పుడే నాకు వెలిగింది. ఆ రెండు పాత తోటలూ సెలవుల్లోనే చచ్చిపోయాయి. జూన్‌లో ఉత్సాహంగా నాటడం, ఏప్రిల్ 23న గంట కొట్టి వెళ్ళిపోవడం. పైగా మనది కాలువల దేశం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుంచి మన నీళ్ళు కాలువ వదలడం, కాలువ కట్టడం మీదే నడుస్తున్నాయి. ఏప్రిల్ సగంలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తే జూన్‌లోనే మళ్ళీ వదిలేది. బడికీ కాలువకీ ఒకేసారి సెలవులు. కాలువ కట్టేస్తే నూతుల్లో నీళ్ళు దిగిపోతాయి, బడి కట్టేస్తే పోసే చెయ్యి ఉండదు. యాభై రోజులు, అదీ రోహిణి ఎండల్లో. మొక్కలు ఏవైనా, మట్టి ఎంత మంచిదైనా ఈ యాభై రోజులు దాటించలేకపోతే అంతా వృథా.

అందుకని 2025 వేసవికి మేం తోటనే మార్చేశాం. ఏప్రిల్ మొదటి వారానికల్లా బెండ, వంగ పీకేశాం. సెలవుల్ని తట్టుకునేవి మాత్రమే ఉంచాం. దడి మీద ఎర్ర తీగ బచ్చలి, మునగ, కరివేపాకు, రావులపాలెం వైపు నుంచి తెచ్చిన నాలుగు కూర అరటి పిలకలు. దింపు బాబాయి తెచ్చిన కొబ్బరి డొక్కల్ని పీచు పైకి వచ్చేలా మొక్కల చుట్టూ గోతుల్లో పేర్చి మట్టి కప్పాం. ఒకసారి తడిస్తే నాలుగు రోజులు చెమ్మ ఉంటుంది. కొబ్బరి పొట్టు కూడా తెచ్చాం గానీ, దాన్ని మూడుసార్లు మంచి నీళ్ళలో కడగందే వాడనివ్వలేదు మాస్టారు. పొట్టులోనూ ఉప్పు ఉంటుంది. ఉప్పు నీళ్ళు మాన్పించి ఉప్పు పొట్టు పెట్టడం ఎందుకన్నారు.

మే మొదట్లో నాన్న గోనె సంచిలో విత్తన కంద పంపాడు. మొలక ఉండేలా ముక్కలు కోసి, పేడ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, నలభై ముక్కలు గజం దూరంలో పాతాం. కంద నా ఆలోచనే. పాతినప్పటి నుంచి తవ్వే దాకా ఎనిమిది నెలలు నేల లోపలే ఉంటుంది. దసరా సెలవులైనా, సంక్రాంతి సెలవులైనా దానికి తొందర లేదు. తవ్వడం రెండు వారాలు ఆలస్యమైనా పాడవదు, తవ్వాక నీడలో పెడితే నెలలు నిలవుంటుంది. బడి క్యాలెండరుకి ఇంతగా సరిపోయే పంట ఇంకోటి నాకు కనిపించలేదు.

నీళ్ళకి వంతులు వేసుకున్నాం, వారానికి ఇద్దరు. తాళం చెవి వంతు ఉన్నవాళ్ళ ఇంట్లో. మూడో వారంలో ఒకరింట్లో పెళ్ళి వచ్చింది, రెండోవాళ్ళు ఊళ్ళో లేరు, చెవి బీరువాలో ఉండిపోయింది. నాలుగు రోజులు ఎవరూ వెళ్ళలేదు. రెండు కరివేపాకు మొక్కలు, ఒక అరటి పిలక పోయాయి. తప్పు మనుషులది కాదు, చెవి ఉన్న చోటుది. ఆ సాయంత్రమే హెచ్ఎం మేడంకి ఫోన్ చేసి అడిగాను, "చెవి మా షాపులో ఉంచండి, తొమ్మిది నుంచి తొమ్మిది దాకా నేనెలాగూ ఉంటాను" అని. నూతి గ్రిల్లు తాళాలు మాత్రం ఆవిడ దగ్గరే. వారానికోసారి డ్రమ్ములు నింపడానికి స్టాఫ్ ఒకరు వచ్చి మోటారు వేసేవారు. అదీ అరగంటే. ఎక్కువ తోడితే కింది ఉప్పు నీళ్ళు పైకి వచ్చేస్తాయి.

ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఆ వేసవంతా నీళ్ళు ఎంత దిగాయో నూతి ఒరల (లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన వలయాల) లెక్కన పలక ముక్క మీద రాసిపెట్టాడు. డ్రమ్ములు నింపే రోజు స్టాఫ్ పక్కన నిలబడి ఊచల్లోంచి చూసి రాసేవాడు. కాలువ కట్టే ముందు పై నుంచి నాలుగో ఒర. మే నెలాఖరుకి ఏడో ఒర. కాలువ వదిలిన పది రోజులకి మళ్ళీ అయిదు. వాడికి ఎవరూ చెప్పలేదు, కాలువ నీళ్ళే మన నూతిలోకి వస్తున్నాయి కదండీ అని వాడే అన్నాడు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. తెల్లారి గేటు తీస్తే మునగ నడుముకి విరిగి ఉంది, అరటి మూడూ పడుకున్నాయి, బచ్చలి దడి గోడ అవతల ఉంది. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. కంద కాడలు కూడా ఒరిగిపోయాయి గానీ నాన్న "కాడతో మనకేం పని, దుంప కింద ఉంది" అన్నాడు. విరిగిన మునగ కొమ్మల్ని ముక్కలు చేసి పాతాం, అయిదు చిగిర్చాయి. బచ్చలి కాడలు తుంచి మళ్ళీ గుచ్చాం. అది తుంచిన కొద్దీ వస్తుంది.

మొన్న జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక కంద తవ్వాం. గునపం దుంపకి తగలకుండా చుట్టూ మట్టి ఎలా వదులు చేయాలో నాన్న వచ్చి చూపించాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టూ ఇరవై మంది పిల్లలు. మొత్తం 108 కిలోలు తూగింది. ముప్పై కిలోలు విత్తనానికి తీసి, మిగతాది వంటగదిలో పరిచాం.

వంట అక్క కంద బచ్చలి వండింది. చేతికి నూనె రాసుకుని ముక్కలు కోసి, దురద పోయేలా చింతపండు గట్టిగా వేసి, బచ్చలి కలిపి, చివర్లో ఆవ నూరి పెట్టింది. పిల్లలకని కారం తగ్గించింది. మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ అడిగిన వాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం మా పుట్టింటికి దగ్గరే. నాన్న వరండాలో పిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని తిన్నాడు. "ఆవ ఇంకొంచెం పడాలమ్మా" అన్నాడు వంట అక్కతో. "పిల్లలండి, ఘాటు ఆపుకోలేరండి" అంది ఆవిడ. మారు మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఈ వేసవి వంతుల కాగితం ప్రింట్ తీసి షాపు అద్దానికి అంటించాను. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఏడు వారాలు, వారానికి ఇద్దరు. పన్నెండు పేర్లు వచ్చాయి. మే రెండో వారం రెండు గళ్ళూ ఇంకా ఖాళీ. అమలాపురంలో ఉండేవాళ్ళు ఎవరైనా ఈ పోస్టు చదివితే ఒకసారి షాపుకి రండి. పొద్దున్న ఆరున్నరకి ఇరవై బిందెలు, ముప్పావు గంట పని. చెవి ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు తీసుకెళ్ళాలి.